ఆర్డర్ ఫారాన్ని కింది నుంచి నింపండి

గిటారు చేయించుకునే ఆ ఫారంలో మొదటి ప్రశ్న రంగు. నలభైకి పైగా రంగులు, వాటిలో నీలానికీ ఊదాకూ మధ్యనే పది పన్నెండు ఛాయలు. తర్వాత పై పలక ఏ చెక్కతో చేయాలి, దాని నరాలు అలల్లా ఉండాలా, పులి చారల్లా ఉండాలా. తర్వాత లోహపు భాగాల రంగు: నలుపు, క్రోమ్, బంగారు పూత. ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ అట్టడుగుకు వెళ్తే, అక్కడ చిన్న అక్షరాల్లో ‘స్కేల్ పొడవు’, అంటే తీగలో మోగే భాగం పొడవు, అని ఒక గడి. అందులో 25.5 అంగుళాలు అని వాళ్ళే ముందుగా టిక్కు పెట్టి ఉంచారు. రంగు కోసం మూడు రాత్రులు నిద్ర మానుకున్న నేను ఆ గడి దగ్గర మూడు క్షణాలు కూడా ఆగలేదు.

2016 చివర్లో విదేశంలోని ఒక చిన్న వర్క్‌షాపుకు పంపిన ఆర్డర్ అది. ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారు, పూర్తిగా నా కోరికల ప్రకారం. ఆరు నెలలన్నారు, పదకొండు నెలలు పట్టింది. ఊదా రంగు అద్భుతంగా వచ్చింది. ఇప్పటికీ గోడ మీద చూసినవాళ్ళు ఆగి చూస్తారు. వాయించడం విషయానికి వస్తే మాత్రం నేను ఆ డబ్బుతో కొన్నది ఒక పెద్ద పాఠం. అందుకే ఎవరైనా ఏడు తీగల గిటారు చేయించుకుంటానని సలహా అడిగితే ఒకటే చెబుతున్నాను: ఫారాన్ని కింది నుంచి పైకి నింపండి. గిటారు తయారయ్యాక మార్చలేనివి ముందు తేల్చుకోండి. స్క్రూడ్రైవర్‌తో మార్చుకోగలిగేవి ఆ తర్వాత. రంగు అన్నిటికన్నా చివర.

గిటారు పెట్టె విప్పిన రోజు మా పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిడ వీణ వాయిస్తుంది. వంగి తీగలు లెక్కపెట్టింది, తర్వాత మెట్లు లెక్కపెట్టింది. “ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. ఒరేయ్, దీనికోసం అంత దూరం ఎందుకు? బొబ్బిలి వెళ్తే సరిపోయేది కదా” అంది. లెక్క నిజమే. సరస్వతీ వీణకు వాయించే తీగలు నాలుగు, తాళపు తీగలు మూడు, మెట్లు 24. అయితే ఆవిడ ఆ తర్వాత చెప్పిన మాటే నాకు గుచ్చుకుంది. పనస దుంగతో ఏకాండిగా ఆవిడ వీణ చేయించినప్పుడు చేసేవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, “ఏ శ్రుతికి వాయిస్తారమ్మా?” రంగు సంగతి ఎవరూ ఎత్తనే లేదట.

నన్నూ ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

ఏడో తీగ కొత్త వింత కాదు. రష్యాలో ఏడు తీగల గిటారుకు రెండు వందల ఏళ్ళకు పైబడిన సంప్రదాయం ఉంది, దాని శ్రుతి వేరు, దారి వేరు. అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ విద్వాంసుడు 1930ల్లోనే కింద మరో తీగ చేర్పించుకుని, పాటకు తానే మంద్రం కూడా వాయించుకున్నాడు. ఇప్పుడు మనం చూసే ఎలక్ట్రిక్ రకానికి మూలం మాత్రం 1990లో రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ కంపెనీ తెచ్చిన ‘యూనివర్స్’. 25.5 అంగుళాల స్కేల్, తేలియాడే ట్రెమొలో బ్రిడ్జి, అంటే తీగలు ఆనే బ్రిడ్జిని కడ్డీతో ఊపి స్వరం మార్చగలిగేది. వాయ్ ఆ బ్రిడ్జి కడ్డీని మన పాటగాళ్ళు గమకాన్ని వాడినట్టు వాడతాడు, అతనికి అది లేకపోతే కుదరదు. నాలుగేళ్ళ తర్వాత కోర్న్ అనే మెటల్ బృందం అదే రకం గిటారును ఇంకో స్వరం కిందకు దించి, పూర్తిగా వేరే పనికి వాడింది. అక్కడి నుంచి ఏడు తీగలంటే బరువైన, లోతైన రిఫ్‌లు (పదేపదే తిరిగి వచ్చే చిన్న స్వర వరసలు) అనే అర్థం స్థిరపడింది. పని మారింది, కొలతలు మాత్రం చాలాకాలం పాతవే మిగిలాయి. నా ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉన్న 25.5 అలా వచ్చిందే.

ఆ పొడవు ఎందుకు చాలదో లెక్కలో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. మామూలు గిటారు ఆరో తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. ఏడో తీగను దాని కింద బి స్వరానికి శ్రుతి చేస్తాం, అది సుమారు 62. తీగ బిగువు దాని బరువును బట్టి మారుతుంది, పొడవునూ కంపనాన్నీ బట్టి ఇంకా ఎక్కువగా మారుతుంది, ఎందుకంటే ఆ రెండూ వర్గాల్లో లెక్కకు వస్తాయి. అదే తీగను 82 నుంచి 62కు దించితే బిగువు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని లావు తీగ వేస్తాం. మార్కెట్లో తేలిగ్గా దొరికే సెట్లలో ఏడో తీగ మందం 0.056 అంగుళాలు ఉంటుంది. అది వేసినా, 0.046 ఉండే ఆరో తీగతో పోలిస్తే ఉజ్జాయింపున ఆరింట ఒక వంతు బిగువు తక్కువే. రిఫ్‌లు వాయించేవాళ్ళు ఆ బి స్వరాన్ని కూడా వదిలి, ఇంకో స్వరం కిందికి, అంటే 55కు దించుతారు. అక్కడ మిగిలిన బిగువులో మరో అయిదో వంతు పోతుంది. బట్టలు ఆరేసుకునే తాడు మీటినట్టు ఉంటుంది. గట్టిగా కొడితే తీగ ముందు పై స్వరం పలికి, తర్వాత మెల్లగా తన స్వరానికి దిగుతుంది. ఆంప్లిఫయర్‌లో గెయిన్ పెంచి వింటే ఆ జారుడు స్పష్టంగా వినిపిస్తుంది.

“ఇంకా లావు తీగ వేసుకుంటే సరి” అంటారు. వేశాను. 0.062 వేశాను, 0.064 కూడా వేశాను. ఒక హద్దు దాటాక లావు తీగ తీగలా ప్రవర్తించదు, కడ్డీలా ప్రవర్తిస్తుంది. దాని ఉపస్వరాలు అసలు స్వరంతో పొసగకుండా పైకి జరుగుతాయి, పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిగా పలకాలంటే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి, ఇంకా వెనక్కి జరపాలి. నా బ్రిడ్జిలో శాడిల్ చివరి మరదాకా వెళ్ళి ఆగిపోయింది, స్వరం ఇంకా ఎక్కువే పలుకుతోంది. అప్పటికి ఆ గిటారు వచ్చి మూడు వారాలు.

స్కేల్‌ను 27 అంగుళాలకు పెంచితే అదే తీగకు, అదే శ్రుతికి 12 శాతం ఎక్కువ బిగువు వస్తుంది. ఒకటిన్నర అంగుళానికి అంత తేడా. వేళ్ళు అందవనే భయం నాకూ ఉండేది. కొలిచి చూస్తే నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి మెట్టుకు దూరం 25.5లో 36 మిల్లీమీటర్ల పైన, 27లో 38 పైన. తేడా రెండు మిల్లీమీటర్లు. అయితే ఇబ్బంది లేదని కాదు. పైన సన్నని తీగలు కూడా అదే 12 శాతం బిగుసుకుంటాయి, తీగ లాగి గమకం పలికించేటప్పుడు వేలి చివర దాన్ని గుర్తు చేస్తుంది. అక్కడ 0.010కి బదులు 0.009 తీగ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండూ కావాలనుకునేవాళ్ళకు విసనకర్రలా విచ్చుకునే మెట్లున్నాయి: సన్న తీగ వైపు 25.5, లావు తీగ వైపు 27. దీన్ని ఎలక్ట్రిక్ గిటారు మీద నిలబెట్టినవాడు రాల్ఫ్ నోవక్, ఆయన పేటెంటు 1989 నాటిది. ఆలోచన మాత్రం 16వ శతాబ్దపు ఇంగ్లండులో ఆర్ఫేరియన్ అనే వాద్యం మీదే ఉంది. చూడటానికి వంకరగా ఉంటుంది కానీ, చేతికి ఒక్క సాయంత్రంలో అలవాటవుతుంది.

ఇక బ్రిడ్జి. నా డబ్బు, నా ఓపిక, నా పరువు కలిసి పోయింది ఇక్కడే.

నేను తేలియాడే బ్రిడ్జి పెట్టించుకున్నాను. ఫ్లాయిడ్ రోజ్ 1970ల చివర్లో రూపొందించిన పద్ధతి అది, తెలివైన పద్ధతి. కత్తి అంచులాంటి రెండు అంచులతో బ్రిడ్జి రెండు బోల్టులకు ఆనుకుని నిలుస్తుంది. ఒకవైపు తీగల లాగుడు, వెనకవైపు గిటారు పొట్టలో స్ప్రింగుల లాగుడు, ఈ రెండూ సమానమైతే అది మధ్యలో తేలుతుంది. తీగ జారకుండా నట్ దగ్గర, బ్రిడ్జి దగ్గర రెండుచోట్లా బిగిస్తారు. అలా బిగించాక పైన మరలు తిప్పి లాభం లేదు కాబట్టి బ్రిడ్జి మీదనే సూక్ష్మంగా శ్రుతి చేసే చిన్న మరలు పెట్టారు. పెద్దమ్మ వాటిని చూడగానే “లంగర్లు” అంది. వీణ మీద కూడా అంతే, బిరడలతో ఉజ్జాయింపు శ్రుతి, లంగర్లతో సూక్ష్మం.

ఏడు తీగలంటే ఒకవైపు మొత్తం లాగుడు సుమారు 50 కిలోలు. స్ప్రింగులు దానికి దీటుగా ఉండాలి. ఇది త్రాసు లాంటిది, ఒక పళ్ళెంలో నుంచి ఏది తీసినా రెండోది కదులుతుంది. మా కాలేజీ మిత్రులందరం కలిసిన ఒక కార్యక్రమంలో మూడో పాట మధ్యలో నా మొదటి తీగ తెగింది. మామూలు గిటారయితే మిగతా తీగలతో పాట ముగించేవాణ్ణి. ఇక్కడ ఒక తీగ లాగుడు పోగానే స్ప్రింగులదే పైచేయి అయింది, బ్రిడ్జి వెనక్కి వాలింది, మిగిలిన ఆరు తీగలూ ఒక్కసారిగా పై శ్రుతికి వెళ్ళిపోయాయి. బేస్ వాయించే మిత్రుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క తీగ ఒక స్వరం కిందకు దించాలన్నా ఇదే బాధ: అది దించితే మిగతావి పెరుగుతాయి, వాటిని సరిచేస్తే మొదటిది కదులుతుంది. అరగంట ఓపిక ఉంటే గానీ ఆ వలయం తెగదు. ఇంత చేసి, నేను ఆ కడ్డీ వాడేది పాటకు ఒకసారి, అదీ చివర్లో, కేవలం అది ఉంది కాబట్టి.

చివరికి దాన్ని కదలకుండా చేయాలని నిర్ణయించుకున్నాను. మా వీధిలో కిటికీలు బాగుచేసే వడ్రంగి దగ్గరకు గిటారు వెనక మూత తీసి తీసుకెళ్ళాను. లోపలి ఇనుప దిమ్మెకూ చెక్క గోడకూ మధ్య సందులో ఒక ముక్క దిగ్గొట్టాలి. ఆయన కొలబద్ద పెట్టలేదు. చితుకు పుల్ల ఒకటి సందులో పెట్టి, గోరుతో గుర్తు పెట్టి, టేకు ముక్క ఒకటి వెతికి, రెండుసార్లు చిత్రిక పట్టి, పెట్టి చూసి, మళ్ళీ ఒక పొర తీసి, బొటనవేలితో నొక్కాడు. కిర్రుమంటూ దిగి కూర్చుంది. అయిదు స్ప్రింగుల మీద వేలితో వరసగా మీటి అడిగాడు: “కదలకూడదనుకుంటే ఇన్ని స్ప్రింగులు ఎందుకు పెట్టించారు బాబూ?”

సమాధానం చెప్పలేకపోయాను. ఫారంలో ఆ గడి పక్కన ధర ఎక్కువ రాసి ఉంది, ఎక్కువ ధర ఉన్నది మంచిదై ఉంటుందనుకున్నాను.

స్థిరమైన బ్రిడ్జి అంటే చవకది, మొదలుపెట్టేవాళ్ళది అనే చిన్నచూపు మనవాళ్ళలో ఎందుకుందో నాకు అర్థం కాదు. హిప్‌షాట్ కంపెనీ చేసేలాంటి బల్లపరుపు బ్రిడ్జి, తీగలు గిటారు వెనక నుంచి దూరి వచ్చేది, శ్రుతి మార్చడానికి నిమిషం, తీగ తెగితే పాట ఆగదు, అరచేయి ఆనించి మ్యూట్ చేస్తే కదలదు. ఏడు తీగలు వాయించే పదిమందిలో ఎనిమిది మందికి ఇదే సరైనదని నా అభిప్రాయం. మిగతా ఇద్దరూ నిజంగా కడ్డీ వాడేవాళ్ళు. వాళ్ళకు నా సలహా అక్కర్లేదు.

నార్వేవాళ్ళ ఎవర్‌ట్యూన్ బ్రిడ్జి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య అందరూ అదే అడుగుతున్నారు. అందులో ప్రతి తీగకూ వేరే స్ప్రింగు, వేరే మీట. తీగ సాగితే స్ప్రింగు ఆ మేరకు లాక్కుని బిగువును అలాగే నిలబెడుతుంది. ఎంత గట్టిగా కొట్టినా, ఎండలో పెట్టినా శ్రుతి చెదరదు. రికార్డింగ్ చేసేవాళ్ళకు వరం. ఒక మిత్రుడి గిటారు మీద వాయించాను. తీగను వేలితో పైకి లాగితే స్వరం కదల్లేదు! గోడను లాగినట్టుంది. సర్దుబాటు మరతో దాన్ని అంచుకు తెస్తే గమకం పలుకుతుంది, ఆ అంచు దొరకడానికి కొంత సాధన కావాలి. దీనికోసం గిటారు పొట్టలో చాలా చెక్క తొలిచేస్తారు. తర్వాత మనసు మారితే ఆ గొయ్యిని పూడ్చే దారి లేదు. అందుకే ఇది కూడా ఫారం అడుగున, పెన్ను మూత పెట్టి ఆలోచించాల్సిన గడి.

పెన్ను తీసి ధైర్యంగా టిక్కు పెట్టగలిగేవి చాలా ఉన్నాయి. శ్రుతి మరలు లాకింగ్ రకమైతే (తీగను బిగించి పట్టేవి) తీగ మార్చడం తేలిక, చూసుకోవాల్సిందల్లా ఏడో తీగ దాని రంధ్రంలో పడుతుందా లేదా అని. నట్ ఏ పదార్థమైనా గాడి సరిగా కోస్తే చాలు. శ్రుతి చేస్తుంటే ‘టిక్’ మని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా గెంతితే గాడి ఇరుకని అర్థం, పెన్సిల్ ముల్లు రుద్దితే కొన్నాళ్ళు గడుస్తుంది. తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ల మీద జనం యుద్ధాలు చేస్తారు. నిజానికి అవి నాలుగు స్క్రూలు, మూడు నాలుగు వైర్ల వ్యవహారం, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒక్కటే మెలిక: ఇఎంజి కంపెనీ 707 లాంటి యాక్టివ్ పికప్‌ల డబ్బా మామూలు వాటికన్నా పెద్దది, పైగా 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి. ఆ గొయ్యి మొదట్లోనే తొలవాలి.

విశాఖలో ఉంటే ఇంకో గడి కూడా ఉంటుంది, అది ఏ ఫారంలోనూ ఉండదు: ఉప్పు గాలి. మా ఇల్లు బీచికి కిలోమీటరు దూరం. ఇనుప తలుపు గొళ్ళేలు రెండేళ్ళకు పొరలు పొరలుగా రాలే చోట, గోరంత స్క్రూలు ఎన్నాళ్ళుంటాయి? మొదటి వానాకాలం దాటేసరికి శాడిళ్ళను పట్టి ఉంచే బుల్లి స్క్రూలు పట్టేశాయి. అలెన్ కీ పెట్టి తిప్పితే స్క్రూ కదల్లేదు, దాని ఆరు పలకల రంధ్రం మాత్రం గుండ్రంగా అరిగిపోయింది. చుక్క నూనె వేసి ఒక రాత్రి వదిలాను. తెల్లారి కదిలినవి నాలుగు, కదలనివి మూడు. ఆ బంగారు పూత సంగతి చెప్పనే అక్కర్లేదు. అరచేయి ఆనే చోట ఏడాదికే వెలిసి, గిల్టు నగలా లోపలి లోహం తేలింది. మెట్లకు మామూలుగా వాడేది నికెల్ సిల్వర్. పేరే గానీ అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, మన పూజ గదిలో ఉండే జర్మన్ సిల్వర్ పళ్ళెం అదే. దానికి ఎంత తోముడు కావాలో ఏ అమ్మనైనా అడగండి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు మెట్లకు, శాడిళ్ళ స్క్రూలకు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించుకుంటే ఆ కొంత అదనపు ఖర్చు రెండో ఏటికి మర్చిపోతారు.

చెక్క గురించి ఒక్క మాట. నా ఆర్డర్ ఆలస్యానికి ఒక కారణం అదే. ఫింగర్‌బోర్డుకు (మెట్లు దిగ్గొట్టే మెడ పలకకు) ఇండియన్ రోజ్‌వుడ్ రాశాను, అంటే మన ఇరుగుడు చెక్క. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల జాబితాలోకి వెళ్ళింది, సరిహద్దు దాటించాలంటే పత్రాలు కావాలి. మన అడవిలో పుట్టిన చెక్క పరాయి దేశంలో గిటారై, ఇంటికి రావడానికి అనుమతి కోసం కూర్చోవాల్సి వచ్చేది. తయారైన వాద్యాలకు 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు, అప్పటికే నేను విసిగి ఎబొనీకి మార్చేశాను. అది మన బీడీ ఆకుల తునికి చెట్టుకు దగ్గరి బంధువు. శబ్దంలో తేడా ఉందా అంటే, శబ్దాన్ని కరుకుగా మార్చే పెడల్ తొక్కాక నాకైతే వినిపించలేదు.

ఇంత చదివాక ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. డబ్బు పెట్టి చేయించుకునేదే ముచ్చట తీర్చుకోవడానికి కదా, లెక్కలు వేసుకోవాలంటే ఫ్యాక్టరీ గిటారు కొనుక్కోవచ్చు కదా అని. నా సమాధానం సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఊదా రంగు ఫ్యాక్టరీ గిటార్లకూ దొరుకుతుంది. మంచి పికప్‌లు ఏ గిటారుకైనా వేయించుకోవచ్చు. దుకాణంలో దొరకనివి మన వేళ్ళకు సరిపడే మెడ మందం, మన శ్రుతికి సరిపడే పొడవు, మన తీగల మధ్య మనకు కావలసిన ఎడం. ఏడు తీగల నట్ సుమారు 48 మిల్లీమీటర్లు, ఆరు తీగలదానికన్నా దాదాపు అయిదు ఎక్కువ. చిన్న చేతులవాళ్ళకు అందులో ఒక్క మిల్లీమీటరు తగ్గినా తేడా తెలుస్తుంది. కస్టమ్ పనికి ఎక్కువ డబ్బు ఇవ్వడానికి కారణాలంటూ ఉంటే అవి ఇవే. వాటిని వాళ్ళ ఇష్టానికి వదిలేసి రంగు మాత్రం మనం ఎంచుకుంటే, అది ఫ్యాక్టరీ గిటారుకు దర్జీ ధర ఇవ్వడమే.

తల లేని గిటార్ల మీద కూడా కొందరు అడిగారు. తేలిక, సమతూకం బాగుంటుంది, పొడవు స్కేల్‌కు ఇంకా మంచిది. శ్రుతి మరలన్నీ బ్రిడ్జి దగ్గరే ఉంటాయి, అంటే ఉప్పు గాలికీ చెమటకూ అప్పగించే బుల్లి స్క్రూలు మరిన్ని. హైదరాబాదులో ఉంటే తీసుకునేవాణ్ణేమో.

పోయిన ఏడాది రెండోది చేయించాను. ఈసారి మన దేశంలోనే, ఒంటరిగా పనిచేసే ఒకాయన దగ్గర. ఫారం లేదు, ఫోనులోనే మాట్లాడుకున్నాం. ఏ శ్రుతి అని ఆయనే ముందు అడిగాడు, నాకు పెద్దమ్మ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. 25.5 నుంచి 27కు విచ్చుకునే మెట్లు, స్థిరమైన బ్రిడ్జి, స్టెయిన్‌లెస్ మెట్లు, నలుపు పూత, మామూలు పరిమాణపు పికప్ గుంతలు. నలభై నిమిషాల్లో అన్నీ తేలిపోయాయి. ఫోను పెట్టేయబోతుంటే ఆయన అన్నాడు, “సార్, రంగు చెప్పలేదు.”

మూడు రాత్రులు పట్టింది. మళ్ళీ ఊదానే చెప్పాను.